కార్డు వెనక రాత

ఎవరూ చెప్పకుండానే జాస్మిన్ వెళ్ళి, నెట్టు కట్టిన ఇనుప గుంజ పక్కన కుడి మోకాలు నేలకు ఆనించి కూర్చుంది. ఎడమ పాదం ముందుకు, వీపు నిటారుగా, చేతులు రెండూ వెనక్కి. ప్రొద్దుటూరు పాత క్లబ్బు మట్టి టెన్నిస్ కోర్టులో నలుగురు పెద్దమనుషులు ఆడుతున్నారు. ఫిర్దోస్ ఇంకా గేటు దగ్గరే ఉంది, కూతురి రాకెట్ సంచిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు అదుముకుని. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అడుగు వేయాలా వద్దా అని ఆమె తటపటాయిస్తుండగానే పదకొండేళ్ళ పిల్ల సొంత ఇంట్లోకి నడిచినట్టు నడిచిపోయింది.

బంతి ఒకటి నెట్టుకు తగిలి కింద పడింది. జాస్మిన్ నడుము ఎత్తకుండానే పరుగెత్తి దాన్ని తీసుకుని, అవతలి గుంజ దగ్గర మళ్ళీ మోకాలు వేసింది. సర్వీసు చేయాల్సిన ఆయన వెనక్కి తిరిగేసరికి చెయ్యి పైకెత్తి సిద్ధంగా ఉంది. ఆయన చూడగానే బంతి వేసింది. నేల మీద ఒక్క గంతు, అక్కడినుంచి నేరుగా ఆయన అరచేతిలోకి. ఆయన అడుగు కదపాల్సిన పని పడలేదు.

"ఎవురి పాపప్పా ఇది?" అన్నాడాయన నోరు తెరిచి. "ఇన్నేండ్లు మనం వంగి వంగి నడుములు ఇరగ్గొట్టుకుంటిమి గదా!"

"నా పాప సార్," ఫిర్దోస్ రెండడుగులు ముందుకేసింది. "కువైట్ నుంచి వచ్చి ఇరవై దినాలైతాంది. వీసాలు ఆపేసినారని మమ్మల్నిద్దర్నీ పంపించినారు. వాళ్ళబ్బ ఆడ క్లబ్బులోనే పని చేస్తాండాడు. పాప రెండేండ్లు ఆడింది. ఈడ యాడ చేర్చాల్నో తెలక తిరుగుతాండాము."

మెడలో తువ్వాలు వేసుకున్న ఆయన ముందుకొచ్చాడు. పత్తిగింజల మిల్లు ఓనరు, క్లబ్బుకు సెక్రటరీ. జాస్మిన్‌ని తల నుంచి బూట్ల దాకా చూశాడు.

"ఆడోళ్ళకు మా కాడ మెంబరుషిప్పు ల్యాదమ్మా. అందరూ పెద్దోళ్ళు, ఆఫీసర్లు. అయినా పాపను పంపించు. పొద్దున అయిదున్నరకు. ఫీజు గీజు ఏమొద్దు. మా ఆట అయినాంక ఆ గోడకు కొట్టుకోనీ పది నిమిషాలు."

ఫీజు వద్దన్న మాట ఒక్కటే ఫిర్దోస్ చెవిలో పడింది. కొత్త చోట, ముక్కూ మొహం తెలియని మనుషులు, అడగ్గానే ఇంత దయ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"శానా మేలు సార్. మీ బిడ్డనుకోండి."

"పాప ఆడిన క్లబ్బు కార్డేమన్నా ఉంటే తెచ్చి చూపీ. మావాళ్ళకు చెప్పుకోవాల గదా, ఫారిన్ పాప అని." నలుగురూ నవ్వారు. ఫిర్దోస్ కూడా నవ్వింది.

కోర్టు పక్కన సున్నం బకెట్టుతో గీతలు దిద్దుతున్న మోహన్ మాత్రం నవ్వలేదు. పన్నెండేళ్ళుగా క్లబ్బు కోర్టు చూసుకునే మనిషి. పొద్దున నీళ్ళు చల్లడం, రోలరు లాగడం, నెట్టు బిగించడం, బంతులు ఏరడం అన్నీ అతనే. జాస్మిన్ మోకాలికి అంటిన ఎర్రమట్టిని చూసి, "నా పని సగం తగ్గిందిలేమ్మా," అన్నాడు. ఆ గొంతులో ఏదో ఉంది. వాడికి కడుపుమంట కాబోలు అనుకుంది ఫిర్దోస్.

ఆటోలో జాస్మిన్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"అమ్మీ, ఈ దేశంలో గూడా అట్లనేనా?"

"ఎట్ల?"

"ఏం ల్యా."

అది శుక్రవారం. తలస్నానం చేయించాక, ప్రతి శుక్రవారం లాగే, ఫిర్దోస్ కొబ్బరినూనె గోరువెచ్చ చేసి కూతురి మోకాలికి రాసింది. కుడి మోకాలి చిప్ప మీద రూపాయి బిళ్ళంత నల్లటి కాయ, గట్టిగా, బొటనవేలితో నొక్కితే చెప్పు అట్టలా. నమాజు కాయ అని ఆమె నమ్మకం. ఈ వయసులోనే పిల్లకు ఇంత భక్తి ఉందని లోపల్లోపల గర్వం. ఎడమ మోకాలు నున్నగా ఉంది. దానికి నూనె అక్కర్లేదు.

ఆ తర్వాత కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, గూట్లోంచి పచ్చగుడ్డ మూట దించింది. లోపల ఖురాను, దాని పక్కన ప్లాస్టిక్ తొడుగులో క్లబ్బు కార్డు. ముందు వైపు ఇంగ్లీషులో జాస్మిన్ పేరు, నంబరు, ఫోటో. వెనక వైపు చిన్న చిన్న అరబ్బీ అక్షరాలు రెండు వరసలు. మొన్న మామగారి ఊళ్ళో నిఖాకు పోయినప్పుడు ఈ కార్డు ఆడవాళ్ళ మధ్య చేతులు మారుతూ పందిరంతా తిరిగింది. ముసలివాళ్ళు వెనక్కి తిప్పి, అరబ్బీ చూసి, కళ్ళకు అద్దుకున్నారు. ఫిర్దోస్ ఇప్పుడూ అదే చేసింది.

ఊరికే ఇస్తున్న చోటు ఒకటి దొరికినా ఆమె మనసు ఊరుకోలేదు. రేపు పిల్ల పెద్దదైతే ఆ పెద్దమనుషుల మధ్యకు పంపగలదా? గోడకు పది నిమిషాలు సరిపోతాయా? నిద్రపట్టక రాత్రంతా దొర్లి, పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కింది. అక్కడ కొత్తగా అకాడమీ పెట్టారని పక్కింటి వాళ్ళ ఫోన్‌లో చూసింది.

జమ్మలమడుగు కోర్టు చూసి జాస్మిన్ మొహం విచ్చుకుంది. కింద ఆకుపచ్చ రంగు, తెల్లటి గీతలు, చుట్టూ వల, తలమీద లైట్లు. గేటు బయట నాలుగు కార్లు. తల్లులు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఫిర్దోస్ చివరి కుర్చీ అంచున కూర్చుంది. ఎవరైనా వచ్చి లేవమంటే లేచేంత అంచున.

లోపల ఎనిమిదిమంది పిల్లలు వరసగా నిలబడి కొడుతున్నారు. వాళ్ళ వెనక బడి గౌనులో, రెండు జడలు మడిచి కట్టుకున్న ఒక పిల్ల నీలం బకెట్టు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తుతోంది. "నందినీ, బాల్స్! నందినీ, ఆ మూల!" అని కోచ్ కేకవేసినప్పుడల్లా బకెట్టు చప్పుడు. బకెట్టు నిండగానే కోచ్ పక్కన బుట్టలో వంచి మళ్ళీ పరుగు.

ఫిర్దోస్ సంచిలో చూస్తే సీసా ఖాళీ. నందిని దగ్గరగా వచ్చినప్పుడు సీసా చాపింది.

"ఏ పాపా, పోయి నీళ్ళు పట్టుకుని రాపో."

నందిని బకెట్టు కింద పెట్టి సీసా తీసుకుంది. జాస్మిన్ చటుక్కున లేచి ఆ బకెట్టు అందుకోబోయింది. ఫిర్దోస్ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నువ్వు యాడికి? నువ్వు ఆడేదానివి. ఆ పాప పని ఆ పాప చేసుకుంటాది."

జాస్మిన్ తల్లి మొహంలోకి చూసింది. పిల్లకు సిగ్గనుకుంది ఫిర్దోస్.

కోచ్ చిన్నవయసువాడు, మర్యాదస్తుడు. జాస్మిన్‌కి ఇరవై బంతులు వేసి చూశాడు. ఎడమవైపు వచ్చిన బంతిని రెండు చేతులతో ఆమె తిప్పికొడుతుంటే కార్లలో వచ్చిన తల్లులు ఫోన్లు దించారు. కానీ నెట్టుకు తగిలిన ప్రతి బంతి వెనకా జాస్మిన్ పరుగు తీయబోయింది. రెండోసారి, మూడోసారి కూడా.

"ఏయ్, ఎందుకు పరుగెత్తుతాండావు? నందిని ఉండాది గదా!" కోచ్ నవ్వాడు. తర్వాత ఫిర్దోస్ ఇచ్చిన కార్డు తిప్పి చూశాడు. "అమ్మా, పాప బాగా కొడతాంది. వెనక రాసిందేందో అరబ్బీలో ఉండాది. ఏ గ్రూపులో ఆడిందో రాసింటారు. చదివించుకుని రాండి. జూనియర్ టీమని ఉంటే నేరుగా పెద్ద బ్యాచ్‌లో వేసుకుంటా, ఫీజు గూడా సగమే."

తిరుగు బస్సులో ఫిర్దోస్ కార్డును రెండు చేతులా పట్టుకుంది. రెండు వరసలు. ఆ రెండు వరసల్లోనే పిల్ల బతుకు రాసి ఉన్నట్టు అనిపించింది. అక్షరాలు ఆమెకు వచ్చు. ఏడేళ్ళకే మదరసాలో ఖురాను మొత్తం చదివి ముగించింది. చదవడమే వచ్చు, అర్థం రాదు. ఆమెకు తెలిసిన ఆడవాళ్ళలో ఎవరికీ రాదు. ఒక్క ఖమర్‌బీకి తప్ప.

ఖమర్‌బీ ఎదురింటి ముసలామె. కువైట్‌లో ఒకే ఇంట్లో పదహారేళ్ళు పనిచేసి వచ్చింది. అరబ్బీ గడగడా మాట్లాడుతుంది, తిడుతుంది, పాడుతుంది. అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. ఆ సాయంత్రం నడవాలో చాప వేసుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఒకవైపు కాయల కుప్ప, ఒడిలో చాట, కాళ్ళ దగ్గర పొట్టు. జాస్మిన్ వీధిలోకి పోయి ఖమర్‌బీ ఇంటి పక్కగోడకు బంతి కొట్టడం మొదలుపెట్టింది. టప్, టప్ అని ఒకటే లయ.

"ఖాలా, నేను సదువుతా, నువ్వు అర్థం చెప్పు."

"నాకు అచ్చరం రాదు, నీకు అర్థం రాదు." ఖమర్‌బీ నవ్వింది. "ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషి అవుతాం. సదువు బేటీ."

ఖురానులో ప్రతి అక్షరం కిందా పైనా జేర్, జబర్ గుర్తులుంటాయి. వాటిని పట్టుకుని చదివేయొచ్చు. ఈ కార్డు మీద ఏ గుర్తూ లేదు. ఉత్త అక్షరాలు. ఫిర్దోస్ వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

"యాస్మీన్... బింత్ అన్సర్."

"ఆ. అన్సర్ కూతురు జాస్మిన్. తర్వాత?"

"ముల్... ముల్తా... ముల్తకితత్. ముల్తకితత్ కురాత్."

"మళ్ళా సదువు."

చదివింది. ఖమర్‌బీ వేళ్ళ మధ్య కాయ సగం చిట్లి అలాగే ఉండిపోయింది.

"కురా అంటే బంతి," అందామె నెమ్మదిగా.

"టెన్నిస్ గదా ఖాలా. ముందర మాటేంది?"

"మా మేడం పిల్లోళ్ళు బొమ్మలన్నీ ఇల్లంతా పారేసేటోళ్ళు. 'లగ్గితీ ఖమర్, లగ్గితీ' అనేది నాతో. రోజుకు నూరుసార్లు." ఆగింది. "ఏరు, ఏరెయ్యి అని."

"అంటే?"

"కింద వరస సదువు."

"గైర్... మస్మూహ్... లహా... బిల్ లయిబ్."

ఖమర్‌బీ చాట పక్కన పెట్టింది. లేచి, అవసరం లేకపోయినా తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. తిరిగివచ్చి కొంగుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది.

"మంచిమాటే రాసినారులే. లోపల పెట్టుకో."

"ఖాలా."

"చీకటి పడతాంది, పోయి దీపం..."

"ఖాలా, నా మొగం చూసి చెప్పు."

ఖమర్‌బీ చూసింది. "అన్సర్ కూతురు జాస్మిన్. బంతులు ఏరే పిల్ల. ఈ పిల్లకు ఆడేదానికి అనుమతి ల్యాదు." ఇంకేదో మెత్తటి మాట వెతికి, దొరక్క, "అంతే రాసిండేది," అంది.

ఫిర్దోస్ మళ్ళీ చదివింది. ఈసారి వేలు పెట్టకుండా, తడబడకుండా, గడగడా వచ్చింది. ఒక్కసారి అర్థం తెలిశాక ఆ అక్షరాలు కంట్లోంచి పోవడంలేదు. రెండేళ్ళుగా ఖురాను పక్కన పెట్టి పడుకున్న మాట. నిఖా పందిట్లో యాభైమంది కళ్ళకు అద్దుకున్న మాట. మామగారి అక్క, చూపు సరిగ్గా ఆనని మనిషి, కార్డును తన రెండు రెప్పలకూ ఆనించుకుని "మన ఇంట్లో ఇట్లాంటి బిడ్డ పుట్టింది" అన్న మాట గుర్తొచ్చింది. చెవుల్లో ఏ చప్పుడూ లేదు.

నిజంగానే లేదు. గోడకు బంతి కొట్టే చప్పుడు ఆగిపోయింది. జాస్మిన్ గడప దగ్గర నిలబడి ఉంది.

"నాకు తెల్సు అమ్మీ," అంది.

"ఏం తెల్సు?"

"అదే. నేను ఏరే పిల్లని. అబ్బా చెప్పొద్దన్నాడు. నువ్వు ఏడుస్తావని."

"రెండేండ్లూ?"

"ఊఁ. బడి అయినాంక రోజూ."

"మరి ఆట? ఎవురు నేర్పిచ్చినారే నీకు ఆట?"

"చూస్తా నేర్చుకున్న్యా. అందరూ పోయినాంక అబ్బా ఒక్క లైటు ఆర్పకుండా పెట్టేటోడు. అవతల అబ్బా, ఇవతల నేను." జాస్మిన్ ఆ మాట అంటుంటే మొహంలో చిన్న వెలుగు వచ్చింది. "అబ్బాకు సర్వీసు రాదు అమ్మీ. చేత్తో ఇసిరేటోడు."

ఫిర్దోస్ కూతుర్ని దగ్గరికి లాక్కుని పైజామా కాలు మోకాలి దాకా ఎత్తింది. నల్లటి కాయ. రెండో కాలు ఎత్తింది. నున్నటి చర్మం. నమాజు చేసేవాళ్ళు రెండు మోకాళ్ళూ ఆనిస్తారు కదా. ఎన్ని శుక్రవారాలు నూనె రాసింది! ఎన్నిసార్లు ఆ కాయను బొటనవేలితో నిమిరి మాషా అల్లా అనుకుంది! ఒక్క మోకాలికే ఎందుకని ఒక్కసారైనా అనుకోలేదేమి?

"మధ్యలో లేచి నిలబడకూడదా?" అంది.

"లేస్తే ఆడేటోళ్ళకు అడ్డం," అంది జాస్మిన్, పాఠం అప్పజెప్పినట్టు.

మగ్రిబ్ నమాజు అయ్యాక అన్సర్ ఫోన్ చేశాడు, రోజూ చేసినట్టే. క్లబ్బు చేరినారా అని అడగబోయి, తెరమీద భార్య మొహం చూసి ఆగిపోయాడు. ఫిర్దోస్ కార్డు వెనకవైపు ఫోన్‌కు ఎదురుగా పట్టింది.

అటువైపు అన్సర్ లేచి ఫ్యాను ఆపాడు.

"ఎవురు సదివినారు?" అన్నాడు.

"నేనే సదివినా."

"ఫిర్దోస్, విను. మూడు నెల్లు ఆ మేనేజరు కారు కడిగినా ఆ కార్డు కోసం. అది లేకుంటే మన బిడ్డను గేటు లోపలికే రానియ్యరు. ఏరేదానికన్నా లోపలికి వస్తే ఆట చూస్తాదని..."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే పంపిస్తావా?"

"పంపీను!"

"దానికే చెప్పల్యా." అన్సర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పంపీకుంటే ఆ బిడ్డ ఈరోజు రాకెట్టు పట్టుకునేదా? నువ్వే చెప్పు."

ఆ మాటే ఆమెను ఎక్కువ కోసింది. తిట్టడానికి కూడా నేరుగా మనిషి దొరకలేదు. అవతల దీపం ఒక్కటి పెట్టుకుని చేత్తో బంతులు విసిరిన మనిషిని ఏమని తిడుతుంది?

"మోకాలు చూసినావా దానిది?" అంది.

"రోజూ చూసేటోన్ని," అన్నాడు అన్సర్. ఫోన్ పెట్టేశాడు.

కార్డును రెండు ముక్కలు చేయాలని చెయ్యి ఎత్తింది. చెయ్యి రాలేదు. మురిక్కాలవలో వేయలేదు, పొయ్యిలో పెట్టలేదు. అరబ్బీ అక్షరం. మర్నాడు పొద్దున ఖమర్‌బీని అడిగితే ఆమె కూడా తల గోక్కుంది. "రాసిన మాట పాడుదే. కానీ అచ్చరం అదే గదా బేటీ." గూట్లో ఖురాను పక్కన ఇక పెట్టలేదు, కింద పెట్టలేదు. చివరికి బియ్యం డబ్బా మూత మీద పెట్టింది. వంట చేసినంతసేపూ అది ఆమెనే చూస్తున్నట్టుంది.

ఆ రెండు రోజులూ పాత క్లబ్బుకు పంపలేదు. మధ్యలో జమ్మలమడుగు కోచ్ ఫోన్ చేశాడు. "కార్డు చదివించినారా అమ్మా? ఏమని ఉండాది?"

ఫిర్దోస్ అన్నం వారుస్తూ గంజి చెయ్యి మీద పోసుకుంది. "మీ నందిని చేసే పనే రాసిండాది అప్పా," అంది.

కోచ్‌కు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అది వేరేమ్మా, ఆ పిల్ల నాయన గొర్రెలు కాసే కుళ్ళాయప్ప, ఆయనే తెచ్చి ఇడిసిపెట్టినాడు, ఖాళీ ఉన్నప్పుడు నేర్పిస్తామని..." అంటూ పోయాడు. ఫిర్దోస్‌కు మిగతా మాటలు వినపడలేదు. సీసా చాపిన తన చెయ్యే కనపడుతోంది. 'ఆ పాప పని ఆ పాప చేసుకుంటాది' అన్న తన నోరు. అప్పుడు జాస్మిన్ చూసిన చూపు. సిగ్గనుకుంది దాన్ని. గంజి పడిన చోట చర్మం ఎర్రగా పొంగింది. నీళ్ళు పోసుకోవాలని కూడా తోచలేదు.

మూడో రోజు పొద్దున మోహన్ సైకిల్ మీద వచ్చాడు. సెక్రటరీ అడ్రసు కనుక్కుని పంపించాడు.

"సార్ అడగమన్నాడు, పాప రాలేదేమని. అందరూ ఎదురు చూస్తాండారు." ఆ మాట అప్పజెప్పేసి, సైకిల్ స్టాండు వేసి, గొంతు తగ్గించాడు. "పంపీగాకు అక్కా. నేను చెప్పినానని అనొద్దు. ఆ పది నిమిషాల గోడ గూడా నాలుగు దినాలే. తర్వాత పేకాట రూములో పాపతో టీలు గూడా ఇప్పిస్తారు. నాకు తెల్దా?"

"మరి యాడికి పంపాల్నప్పా? ఈ ఊర్లో ఇంకోటి ల్యాదు గదా."

"పులివెందులలో వనజమ్మ టీచరని ఉండాది. పీటీ టీచరు, రిటైరైంది. నోరు మంచిది కాదు. ఆట మంచిది." మోహన్ తన అరచేతుల్లోని సున్నం పగుళ్ళు చూసుకున్నాడు. "నేను ఒకసారి నెట్టు కట్టేదానికి పోయింటి. నన్ను గూడా కూర్చోబెట్టి అన్నం పెట్టింది."

ఆదివారం తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు చేసింది ఫిర్దోస్. దారిలో మసీదు గేటు పక్కన, చిరిగిన ఖురాను పుటలు వేసే చెక్కపెట్టె ఉంది. వాటిని ఏడాదికోసారి పెన్నలో కలుపుతారు. కార్డును ప్లాస్టిక్ తొడుగులోంచి తీసి, ఫోటో ఉన్న వైపు కూతురికి చూపించింది. జాస్మిన్ తల ఊపింది. ఫిర్దోస్ దాన్ని పెట్టె సందులోంచి లోపలికి జారవిడిచింది. కళ్ళకు అద్దుకోలేదు.

బస్సులో కండక్టరు ఇద్దరి ఆధార్లూ చూసి ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్లు రెండు చించి ఇచ్చాడు. ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా రెండు గంటలు. దారి పొడుగునా ఆమె ఒకే ప్రశ్నను నోట్లో తిప్పుకుంటూ కూర్చుంది. ఎలా అడగాలి? నవ్వుతారేమో. పిచ్చిదనుకుంటారేమో. ఫీజెంత అని అడగాలి కదా ముందు, బూట్లు ఏవి కొనాలని అడగాలి కదా. ఆమెకు ఆ రెండూ అక్కర్లేదు.

సిమెంటు కోర్టు. అక్కడక్కడా పగుళ్ళు, పగుళ్ళలో తారు. నెట్టు మధ్యలో రెండుచోట్ల పురికొసతో అల్లి ముడివేశారు. చీరకుచ్చిళ్ళు బొడ్లో దోపి, కాళ్ళకు తెల్ల బూట్లు వేసుకుని, మెడలో విజిల్‌తో ఒకామె పదిమంది పిల్లల మీద కేకలేస్తోంది. ఆమే వనజమ్మ.

"ఏమ్మా, యాడ నుంచి?"

"ప్రొద్దుటూరు మేడం. పాపను చేర్చాలని." ఫిర్దోస్ గుక్క తిప్పుకుంది. "మేడం, ఒక్క మాట అడుగుతా. ఈడ బంతులు ఎవురు ఏరుతారు?"

వనజమ్మ విజిల్ నోట్లోంచి తీసింది. ఈమెకు మతిపోయిందా అన్నట్టు చూసింది.

"ఎవురు ఏరేదేంది? కొట్టినోళ్ళే ఏరుతారు. పది కొడితే పది ఏరాల. మాకేమన్నా పనోళ్ళు ఉండారా?"

"ఎవురి బిడ్డలైనా?"

"అదిగో, ఆ నల్ల చొక్కా వాడు వకీలు కొడుకు. రోజూ ఏడ్చుకుంటా ఏరుతాడు." వనజమ్మ చూపు ఫిర్దోస్ భుజం మీదుగా పోయి ఆగిపోయింది. "ఏందది? ఏమైంది పాపకు?"

ఫిర్దోస్ తిరిగి చూసింది. జాస్మిన్ నెట్టు గుంజ పక్కన, సిమెంటు మీద, కుడి మోకాలు ఆనించి కూర్చుని ఉంది. ఎడమ పాదం ముందుకు, చేతులు రెండూ వెనక్కి.

ఫిర్దోస్ చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వనజమ్మ కాసేపు చూసింది. పీటీ టీచరుగా ముప్పై ఏళ్ళు పిల్లల కాళ్ళు, చేతులు, వీపులు చూసిన మనిషి. దగ్గరికి పోయి జాస్మిన్ చంక కింద చెయ్యి వేసి లేపింది. మోకాలి దుమ్ము తానే దులిపింది.

"నా కోర్టులో ఎవురూ మోకాళ్ళేయరు. లేటుగా వచ్చినోళ్ళను గూడా నేను నిలబెడతానే గానీ మోకాళ్ళేయించను. పేరేంది?"

"జాస్మిన్."

"ముందు యాడన్నా ఆడినావా?"

జాస్మిన్ తల్లి వైపు చూసింది.

"ల్యాదు మేడం," అంది ఫిర్దోస్. "వాళ్ళ నాయన నేర్పిచ్చినాడు. ఇంటికాడ."

జాస్మిన్ పది బంతులు కొట్టింది. ఎడమవైపు వచ్చినవి రెండు చేతులతో, కుడివైపు వచ్చినవి ఒక్క చేత్తో. రెండు నెట్టుకు తగిలాయి. ప్రతిసారీ ఆమె కాలు ముందుకు కదలబోయింది. ప్రతిసారీ వనజమ్మ నోట "ఊఁహూఁ" అన్న చిన్న చప్పుడు వచ్చింది, పిల్ల ఆగిపోయింది. పదో బంతి వెనక గీత మీద పడి కంచెకు కొట్టుకున్నప్పుడు వకీలు కొడుకు "అబ్బో!" అన్నాడు. "నోరు మూసుకుని నీ బంతులు చూస్కోరా," అంది వనజమ్మ. శని, ఆదివారాలు రమ్మంది, మిగతా అయిదు రోజులూ ఇంటి గోడకు రోజుకు రెండు వందలు కొట్టమంది. ఖమర్‌బీ ఒప్పుకుంటుందా అని ఫిర్దోస్‌కు అప్పుడే కొత్త దిగులు పట్టుకుంది.

విజిల్ మోగింది. పిల్లలందరూ కోర్టంతా చెల్లాచెదురై బంతులు ఏరడం మొదలుపెట్టారు. కిచకిచలు, తోపులాటలు. జాస్మిన్ కదలలేదు. రాకెట్టు ఛాతీకి అడ్డం పెట్టుకుని, వాళ్ళు వంగడం, లేవడం చూస్తూ నిలబడింది. వంగినవాళ్ళలో కళ్ళజోడు పిల్ల ఉంది, నల్ల చొక్కా వాడున్నాడు. మూల వైపు పోయి రొప్పుతూ వంగిన వనజమ్మ కూడా ఉంది.

"మేడం, కొత్త పాప ఏరడం ల్యా!" ఎవరో అరిచారు.

ఎన్నడూ ఎదురు చెప్పని పిల్ల. ఫిర్దోస్ పరుగున పోయి తానే ఏరేద్దామని రెండడుగులు వేసింది. వనజమ్మ అక్కడినుంచే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు కూర్చోమ్మా. అది నీ ఆట కాదు."

అప్పుడు కదిలింది జాస్మిన్. పరుగెత్తలేదు, నడుము వంచి పోలేదు. నడిచి వెళ్ళింది, వెళ్ళిన చోట వంగింది, లేచి నిటారుగా నిలబడి, తర్వాతిదాని దగ్గరికి నడిచింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెట్టుకుంటోంది. నాలుగు. ఏడు. కంచె దగ్గరిది, పదోది. తెచ్చి బుట్టలో వేసి చేతులు దులుపుకుంది.

తల్లి వైపు వస్తుంటే దారిలో ఇంకొక బంతి ఉంది. నల్ల చొక్కా వాడు వదిలేసి నీళ్ళ కుండ దగ్గరికి పోయిన బంతి. సరిగ్గా జాస్మిన్ పాదం ముందర. ఫిర్దోస్ కుడిచెయ్యి తనకు తెలియకుండానే, ఆపబోయినట్టు, ముందుకు లేచింది. దాన్ని ఎడంచేత్తో పట్టి బుర్ఖా మడతలోకి లాక్కుంది.

జాస్మిన్ ఆగి బంతిని చూసింది. తర్వాత దాన్ని దాటుకుని వచ్చింది.